ముతక మిగలని జల్లెడ

అందుకే చెప్తున్నా, తప్పంతా మోటరు మీదికి తోయొద్దు. దానికి నోరు లేదు కాబట్టి ఎవరేమన్నా పడుతుంది. నాకుంది. "మెషీను వచ్చె, మనుషులు పాయె" అని ఆదివారం చర్చి మెట్ల మీద చెప్పులేసుకుంటూ మాట్లాడుకునేవాళ్లలో ఆ మెషీను ఎందుకు పుట్టిందో ఒక్కరైనా అడిగారా? మా చిన్నమ్మ కుడి భుజం ఎట్లుందో ఒక్కరైనా చూశారా? చూడలేదు. నేను చూశా.

చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. ప్రొద్దుటూరు శివార్లలో ఉంటుంది. చర్చి బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. బడి మూతపడ్డాక ఇంటి వెనక ఖాళీ స్థలంలో నాపరాళ్లతో తొట్లు కట్టించి వానపాముల ఎరువు మొదలుపెట్టింది. ఇప్పుడామె బతుకు ఆ తొట్ల మీదే. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. పని చేసే కంపెనీలో ప్రాజెక్టు పోయింది, ల్యాప్‌టాప్ లాక్కున్నారు, కొన్నాళ్లు ఇక్కడుండి పోదామని వచ్చా. ఆ కొన్నాళ్లు ఎంతయిందని నన్నడగొద్దు, కోపమొస్తుంది.

ఎరువంటే ఏదో టీ పొడిలాగా తొట్లోంచి దానంతటదే రాలుతుందనుకునేదాన్ని. రాదు. అరటి బోదె ముక్కలు, పూర్తిగా మాగని పేడ పెళ్లలు, ఈనెలు, చిన్న రాళ్లు అన్నీ కలిసి వస్తాయి. దాన్ని జల్లించాలి. చిన్నమ్మ దగ్గర మంచమంత జల్లెడ ఉంది, కర్ర ఫ్రేముకు ఇనుప జాలీ కొట్టింది. అటు ఒకరు, ఇటు ఒకరు పట్టుకుని ఊపుతూనే ఉండాలి. ఒకవైపు చిన్నమ్మ. ఇంకోవైపు వంతులవారీగా ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె మా సందు చివర ఉండే అత్త, అంటే చర్చిలో అందరం చుట్టాలమే కాబట్టి ఆ లెక్కన అత్త. ఇంకొకామె ఎదురింటి ఆపా. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు.

పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లు. జల్లెడ చప్పుడు కన్నా వీళ్ల మాటల చప్పుడే ఎక్కువ.

"ఏమే పాపా, పొద్దున లేచి దేవునికన్నా ముందు ఆ ఫోన్‌కు మొక్కుతాండావే!" అనేది అత్త, నేను మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే.

"మొక్కితే అదన్నా పలుకుతుంది అత్తా."

"పలికి ఏం చెప్తాది? మొగుణ్ని జూపిస్తాదా?"

"ఉన్న మొగుణ్ని జూపిచ్చేది గూడా ఫోనేలే వదినా," అనేది ఆపా. "మా ఆయప్ప మొగం ఫోన్లోనే గదా నేను చూసేది. సిగ్నల్ లేకపోతే నాకు మొగుడు లేనట్టే." ముగ్గురూ నవ్వేవాళ్లు. నవ్వుతూ ఊపేవాళ్లు.

ఆ నవ్వుల మధ్యే చిన్నమ్మ భుజం అరిగిపోయింది. మొదట్లో రాత్రిపూట నూనె రాసుకునేది. తర్వాత టీ గ్లాసు ఎడమ చేతికి మారింది. తర్వాత చర్చిలో పాటల పుస్తకం ఒడిలోకి దిగింది. నేనే పోరుపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లా. డాక్టరు ఆమె చేతిని పట్టుకుని నెమ్మదిగా పైకెత్తాడు, సగంలోనే ఆమె పెదవి కొరుక్కుంది. "ఆ జల్లెడ ఇంకా పట్టుకున్నావంటే ఈ చెయ్యి శాశ్వతంగా పోతాదమ్మా. మందులతో అయ్యే పని గాదు," అన్నాడు. చిన్నమ్మ తలూపింది. మరుసటి రోజు పొద్దున లేచి చూస్తే జల్లెడ దగ్గరే ఉంది.

"ఏంది చిన్నమ్మా ఇది?"

"లింగాల ఆయన చీనీ తోటకు ఎరువు కావల్లంటాండాడు పాపా. నేను ఊపకపోతే ఎవరు ఊపుతారు?"

లింగాల ఆయనంటే బత్తాయి తోట రైతు, మా ఎరువు ఎక్కువగా కొనేది ఆయనే. అప్పుడు అన్నా నేను, "మోటరు ఊపుతుంది" అని. కోపంలో అన్న మాటే. కానీ ఆ రోజంతా ఫోన్లో వీడియోలు చూస్తూనే ఉన్నా. ఎక్కడెక్కడి వాళ్లో పెరట్లో మోటరు జల్లెడలు చేసుకుంటున్నారు. సైకిల్ చక్రాల రింలు తీసుకోవడం, వాటి చుట్టూ జాలీ చుట్టి పొడుగాటి డ్రమ్ములా చేయడం, దాన్ని కొంచెం వాలుగా చిన్న చక్రాల మీద పెట్టి మోటరుతో తిప్పడం. పైనుంచి ఎరువు పోస్తే సన్నది జాలీలోంచి కింద రాలుతుంది, ముతకది దొర్లుకుంటూ అవతలి కొసన పడుతుంది. అంతే. దీనికేం రాకెట్ సైన్సా అనుకున్నా.

రింలు ప్రొద్దుటూరు పాత సామాన్ల అంగట్లో దొరికాయి. మోటరు కూడా అక్కడే, ఎవరిదో పాత పిండిమరది. అంగడాయన నన్ను కిందకీ మీదకీ చూసి, "మీ ఇంట్లో మగోళ్లు ఎవరూ రాలేదామ్మా?" అన్నాడు. "మోటరు తిరగడానికి మగోళ్లు కావాలా, కరెంటు చాలదా?" అన్నా. ఆయన మోటరు మీది దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు.

ఫ్రేము వెల్డింగ్ చేయించాలి. ఊళ్లో వాళ్లు గేట్లు, కిటికీలు తప్ప చేయమన్నారు. జమ్మలమడుగులో రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దగ్గర మెషీన్లు రిపేరు చేసే ఆయన ఉన్నాడంటే, రింలు ఆటోలో వేసుకుని వెళ్లా. ఆ రోడ్డు మీద గాలి కూడా తెల్లగా ఉంటుంది, రాతి పొడితో. నా ఫోన్ స్క్రీన్ మీద వేలు పెడితే గరుకుగా తగిలింది. ఆయన్ని అందరూ మామా అనే పిలుస్తున్నారు, నేనూ అన్నా.

"మామా, ఇదిగో వీడియో. ఇట్లా చేయాలి."

ఆయన వీడియో మొత్తం చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఈ పిల్లోడు తెల్ల బూట్లు ఏస్కొని వెల్డింగ్ చేస్తాండాడు సూడు," అని పక్కనోళ్లను పిలిచి చూపించాడు. వాళ్లు విరగబడి నవ్వారు. నాకు తిక్క రేగింది. "బూట్లు కాదు మామా, ఫ్రేము చూడండి" అని అరిచా. "అరస్తాండావేంది పాపా, చేస్తా గానీ. అరుపులు పట్నంలోనే నేర్పిస్తారా మీకు?" అంటూనే రాడ్డు అంటించాడు. మంచోడే. కానీ ఆయనా నేనూ ఇద్దరం ఒకటి మర్చిపోయాం. పిండిమర మోటరు పిచ్చి స్పీడు.

మొదటిసారి స్విచ్చి వేసినరోజు చూడాల్సింది. ఎరువు జాలీలోంచి రాలాలి కదా, రాలలేదు. డ్రమ్ము గోడకు అతుక్కుని దాంతోపాటే గిర్రున తిరిగి, ఒక్కసారిగా నలుదిక్కులా ఎగిరింది. ఆరేసిన బట్టల మీద, ఆపా తల మీద, అత్త నోట్లో. అత్త ఉమ్ముకుంటూ, "మ్మేయ్, ఇది జల్లెడా, సుడిగాలా!" అంది. ఆపా తలమీద చున్నీ దులుపుకుంటూ నవ్వలేక కింద కూర్చుంది. చిన్నమ్మ నవ్వితే భుజం నొప్పి, అయినా భుజం పట్టుకుని మరీ నవ్వింది. వాళ్లు ముగ్గురూ కలిసి అట్లా నవ్వడం అదే ఆఖరని నాకప్పుడు తెలీదు.

మళ్లీ జమ్మలమడుగు పోయా. మామ రాయి కోసే మెషీనుది పాత పెద్ద పుల్లీ ఒకటి తీసి డ్రమ్ముకు బిగించాడు, మోటరుకు చిన్నది. బెల్టు వేశాడు. ఇంక డ్రమ్ము నెమ్మదిగా, ఆవు నెమరేసినట్టు తిరిగింది. సన్నటి ఎరువు సన్నగా కింద రాలింది. నేను వీడియో తీసి అందరికీ పంపా.

ఒక చిక్కొచ్చింది. అవతలి కొసన పడే ముతక చాలా వస్తోంది. బోదె ముక్కలు, గడ్డలు. లింగాల తోటాయన కూడా ఫోన్లో, "మీ ఎరువు బాగుండాది గానీ ఇంకొంచెం ఎక్కువ రాదా?" అంటున్నాడు. మళ్లీ ఫోన్లో వెతికా. డ్రమ్ము లోపల పాత సైకిల్ చైన్లు వేలాడదీస్తే తిరిగేటప్పుడు అవి గడ్డల్ని చితక్కొడతాయని ఒకచోట ఉంది. వేలాడదీశా. కొసన పడ్డదాన్ని మళ్లీ డ్రమ్ములో పోశా. ఇంకోసారి పోశా. చివరికి పిడికెడు రాళ్లు తప్ప ఏమీ మిగలలేదు. నాకు ఎంత గర్వమో! "చూడు చిన్నమ్మా, వేస్ట్ అనేదే లేదు" అన్నా. చిన్నమ్మ చూసింది. "బాగుండాది పాపా" అంది.

ఆ సాయంత్రం అత్త, ఆపా వచ్చారు, చెరో గంప పట్టుకుని. ఎప్పుడూ వచ్చేవాళ్లే. జల్లించిన రోజు సాయంత్రం గంపల్లో ఏదో వేసుకుని పోతుంటే, చెత్త పారేయడానికి అనుకునేదాన్ని. డ్రమ్ము కొస దగ్గర చూశారు. రాళ్లున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మెషీను బలే తిరుగుతాండాది పాపా," అంది అత్త. "నీ తెలివే తెలివి." ఖాళీ గంపలు నడుముకు ఆనించుకుని పోయారు. నేను నవ్వుతూ చెయ్యి ఊపా కూడా.

తర్వాత వాళ్లు రావడం తగ్గింది. జల్లించే పని ఎట్లాగూ లేదు. కానీ బోదెలు నరకడానికి, తొట్లు తిరగేయడానికి వచ్చేవాళ్లు కదా, దానికీ రాలేదు. అత్తకు మోకాళ్ల నొప్పన్నారు, ఆపాకు పిల్లల పరీక్షలన్నారు. సరే అనుకుని నేనూ చిన్నమ్మా చేశాం. నేను పార పట్టుకుంటే చిన్నమ్మ ఎడమ చేత్తో నీళ్లు చల్లేది. ఆమె భుజం నిజంగానే కొంచెం తేరుకుంది. గ్లాసు మళ్లీ కుడి చేతికి వచ్చింది. అది చూసి నేను గెలిచాననుకున్నా.

ఎండాకాలం వచ్చింది. ఇక్కడి ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా అర్థం కాదు. గ్రీన్ నెట్ కట్టాం, గోనెపట్టలు తడిపి కప్పాం. అయినా ఒక రోజు తొట్టి తవ్వితే వానపాములు లేవు. ఎండిన దారాల్లాగా అక్కడక్కడా ఉన్నాయి. పక్క తొట్టి తవ్వా. అంతే. చివరి తొట్టి తవ్వేసరికి నాకు ఏడుపొచ్చింది.

"ప్రతి ఎండాకాలం ఇంతేనా చిన్నమ్మా?"

"ప్రతి ఎండాకాలం శానా పోతాయి పాపా."

"మరి ఎట్లా చేస్తావు?"

చిన్నమ్మ గోనెపట్ట మీద నీళ్లు చల్లుతూనే ఉంది. నేను ఆ నీళ్ల చెంబు లాక్కున్నా. "చెప్పు!"

"మీ అత్తా ఆపా తెచ్చి ఇస్తారు," అంది. "ఇచ్చేవాళ్లు."

అప్పుడు బయటపడింది. జల్లెడ కింద పడింది చిన్నమ్మది, జల్లెడ మీద మిగిలిన ముతక ఊపినోళ్లది. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతంట. సరుకుగలామె కూడా ఒక కొస పట్టాలంట, లేకపోతే అది కూలి పనైపోతుందంట. ధాన్యం చెరిగినా, పిండి జల్లించినా ఈ చుట్టుపక్కల అంతేనంట. ఆ ముతకలో వానపాము పిల్లలుంటాయి, గుడ్లుంటాయి. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయి, నీడలో పాత సిమెంటు తొట్టిలోనో పగిలిన కుండలోనో పోసి, కూరాకు కడిగిన నీళ్లు పోస్తూ ఉంటారు. వాళ్ల పుదీనా, గులాబీలు ఆ ఎరువు మీదే బతుకుతాయి. ఎండాకాలం మా తొట్లు మాడిపోతే, వాళ్ల పెరట్లో ఆ నీడలో బతికిన వానపాముల్ని గంపలో పెట్టి తెచ్చి మా తొట్లో పోస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అట్లా జరిగిపోతుందంతే.

నేను ఫోన్ తీసి కెమెరా దగ్గరగా పెట్టి, మెషీను జల్లించిన పాత బస్తాలో చూశా. ఆవగింజంత పసుప్పచ్చ గుడ్ల తొక్కలు, నలిగిపోయి. చైన్లు పని బాగా చేశాయి.

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?" అరిచా. గొంతు పగిలేలా అరిచా.

"నువ్వు అంత సంబరంగా ఉంటివి గదా పాపా," అంది. అంతే. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

నేను నేరుగా ఎదురింటికి పోయా. ఆపా పెరట్లో బట్టలు పిండుతోంది.

"ఆపా, మీ తొట్లో వానపాములున్నాయా?"

"యాడివమ్మా? తొట్టి కడిగి నీళ్లు పట్టుకుంటాండా. నీ మెషీను ఏం మిగిల్చిందని?"

"ఒక్క మాట నోరు తెరిచి అడగొచ్చు కదా! ఆ చైన్లు తీసేసేదాన్ని కదా! ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?"

ఆమె పిండుతున్న చొక్కా బకెట్లో వదిలేసింది. "ఏందమ్మా అడిగేది? చెయ్యి చాపి అడుక్కోమంటావా? మీ చిన్నమ్మకు మాకు మధ్య అడిగేది ఇచ్చేది యాడుండాది ఇన్నేండ్లలో? నువ్వు వచ్చినాక ఉండాది." ఆమె కళ్లలో నీళ్లొచ్చాయి. నాకూ వచ్చాయి. ఇద్దరం కోపంగా అట్లాగే నిలబడ్డాం, కుళాయి నీళ్లు కింద పోతూనే ఉన్నాయి.

నేను ఊరుకునే రకం కాదు. ఆ రోజే చైన్లన్నీ పీకేశా. ఊళ్లూ ఫోన్లూ తిరిగి వేరే చోట నుంచి వానపాములు తెప్పించా. వాటిలో సగం దారిలో చచ్చి, మిగతావి ఇక్కడి ఎండకు తాళలేక రెండో వారానికి పోయాయి. పులివెందుల దాటి పోయి లింగాల తోటాయన్ని కలిసి కొంచెం ఆగమని బతిమాలా. ఆయన చీనీ చెట్ల మధ్య నడుస్తూ, "చెట్టు ఆగదు గదమ్మా," అన్నాడు. అప్పటికే వేరేవాళ్ల బస్తాలు గట్టు మీద పేర్చి ఉన్నాయి. వచ్చేదారిలో బస్సు కిటికీకి తల ఆనించి ఫోన్ ఆఫ్ చేసుకున్నా. నేను ఫోన్ ఆఫ్ చేశానంటే ఎట్లున్నానో అర్థం చేసుకోండి.

వానలు పడ్డాక, అత్త పెరట్లో వేప చెట్టు కింద ఒక పాత కుండలో కొన్ని బతికి ఉన్నాయని తేలింది. అత్త గంపలో తెచ్చి మా తొట్లో పోసింది. అవి పెరిగాయి. ఎరువు మళ్లీ తయారైంది. నేను మెషీను తుడిచి, చైన్లు లేకుండా, డ్రమ్ము కొస కింద రెండు గంపలు పెట్టా. ఆ ఇద్దర్నీ పిలిచా. "చూడండి, ముతకంతా ఇక్కడ పడుతుంది. మీదే. ప్రతిసారీ మీదే. ఇంక సరేనా?"

అత్త ఆ గంప వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "మెషీను ఊపితే మెషీనుదే గద పాపా అది. మా చెయ్యి పడకుండా మాకెట్ల వస్తాది?"

"నేను ఇస్తున్నా అత్తా!"

"ఇస్తాండావు. అదే గదా," అంది ఆపా మెల్లగా.

ఎన్ని విధాలా చెప్పా. స్విచ్చి మీరు వేయండి, ఎరువు మీరు పోయండి, అది కూడా పనే కదా అన్నా. అరిచా, బతిమాలా, మళ్లీ అరిచా. వాళ్లు ఖాళీ గంపలతో గేటు దాకా పోయారు. అప్పుడు చిన్నమ్మ లేచింది. మోటరు ప్లగ్గు పీకింది. గోడకు ఆనించి ఉన్న పాత జల్లెడ కర్రను కుడి చేత్తో పట్టుకుంది, ఎడమ చేత్తో కాదు. "రాండి మే," అంది వాళ్లతో. "నా ఒక్కదానితో అవుతాదా ఇది?"

వాళ్లు వచ్చారు. ఊపారు. నేను అడ్డం పడ్డా, జల్లెడ పట్టుకుని లాగా. చిన్నమ్మ ఎప్పుడూ చూడని చూపు చూసింది నన్ను. "పక్కకు జరుగు పాపా" అంది. పోనీ ఆమె వైపు నేను ఊపుతానన్నా, పట్టుకున్నా కూడా. కాసేపటికి ఆమె నా చేతులు తీసేసి మళ్లీ తనే పట్టుకుంది. నేనెప్పుడో పట్నం పోయేదాన్నంట, అప్పుడు మళ్లీ వాళ్లు రావడం మానేస్తారంట. పోనని గట్టిగా చెప్పే ధైర్యం నాకూ లేదు.

ఇప్పుడు మెషీను టార్పాలిన్ కింద ఉంది. ఇల్లు మళ్లీ మాటలతో నిండింది. లింగాల ఆయన ఒకసారి ఫోన్ చేశాడు కూడా. అందరూ సంతోషంగా ఉన్నారు. చిన్నమ్మ చెయ్యి మాత్రం భుజం ఎత్తుకు కూడా రావడం లేదు. పొద్దున జాకెట్టు నేనే తొడుగుతున్నా. ఆ చేతిని మెల్లగా వంచి దూర్చేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని, అరుపు రాకుండా, ఏదో కీర్తన పళ్ల మధ్యే పాడుకుంటుంది. చరణం మధ్యలో గొంతు తెగిపోతుంది. నేను ఆగుతా. మళ్లీ మొదలుపెట్టమని తలూపుతుంది. తొడిగాక జల్లెడ దగ్గరికి పోతుంది.

"మనుషులు మిగిలారు కదమ్మా, చేతిదేముంది" అని మీరు అంటారని నాకు తెలుసు. అందరూ అదే అంటున్నారు, అది విని వినీ నాకు కంపరం పుడుతోంది. సరే, రండి. ఒక్క పొద్దున వచ్చి ఆ చేతిని ఆ జాకెట్టులోకి మీరు దూర్చండి. ఆ కీర్తన తెగిపోయేచోట మీ వేళ్లు ఆమె భుజం మీద ఉండాలి. ఆ తర్వాత, నాతో కాదు, ఆమె మొహంలోకి చూసి చెప్పండి, ఇదే న్యాయమని. చెప్తారా?